ఉన్నపళంగా, ఒంటరిగా రోలర్ కోస్టర్లకు: సీడర్ పాయింటా, కింగ్స్ ఐలాండా?

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో స్థిరపడ్డ తెలుగువారికి వినోద పార్కుల విషయంలో ఒక అదృష్టం పట్టింది. ఊరికి ఉత్తరంగా సుమారు రెండు గంటలు కారు నడిపితే ఈరీ సరస్సు ఒడ్డున, శాండస్కీ పట్టణాన్ని ఆనుకుని, సీడర్ పాయింట్ ఉంటుంది. నైరుతి దిక్కుగా ఐ-71 రహదారి పట్టుకుని గంటన్నర వెళితే సిన్సినాటికి కాస్త ముందే, మేసన్‌లో, కింగ్స్ ఐలాండ్ తగులుతుంది. రోలర్ కోస్టర్ల పిచ్చి ఉన్నవారు ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి వచ్చే ఈ రెండు పార్కులూ మనకు పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇల్లు చేరేంత దూరంలో ఉండడం వల్ల, రెండింటిలో ఏది గొప్పదన్న చర్చ ఇళ్లలోనూ విందుల్లోనూ తరచుగా వస్తుంది. ఇక్కడ నేను తూచదలచుకున్నది అంతకంటే చిన్న ప్రశ్న. ముందస్తు ఏర్పాట్లేమీ లేకుండా, ఒక సెలవురోజు ఉదయం కాఫీ తాగుతూండగా వెళ్లాలనిపించి, తోడు ఎవరూ లేకుండా ఒక్కరే బయలుదేరితే ఏది మేలు?

ఉన్నపళంగా, ఒంటరిగా అన్న ఈ రెండు మాటలూ తూకాన్ని చాలా మారుస్తాయి. మనవాళ్లకు ఇలాంటి చోట్లకు గుంపుగా వెళ్లడమే అలవాటు. నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినా, 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాకు స్నేహితులతో వెళ్లినా, చెప్పులూ సంచులూ కళ్లజోళ్లూ పట్టుకుని కింద నిలబడే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. మా ఇంట్లో ఆ పాత్ర మా పెద్దమ్మది. ఒంటరిగా వెళ్లినవారికి పెద్దమ్మ ఉండదు కనుక ఆ పని అద్దె లాకరు చేయాలి, లేదా జిప్పున్న జేబులు చేయాలి. కారుకు ఇంత అని వసూలు చేసే పార్కింగ్ రుసుమునూ పెట్రోలు ఖర్చునూ నలుగురూ పంచుకునే వీలుండదు. అన్నిటికంటే ముఖ్యంగా, రోజంతా ఒళ్లు కుదిపించుకున్న తరువాత రాత్రిపూట కారు నడపవలసింది కూడా ఆ ఒక్కరే. లాభాలు కూడా తక్కువేమీ కావు. సీట్లు ఇద్దరిద్దరికి అమర్చిన రైలులో ముగ్గురు వచ్చిన కుటుంబం పక్కన ఒక చోటు మిగిలిపోతే, ఎక్కించే ఉద్యోగి ఒక్కరే వచ్చినవారిని కేకేసి పిలవడం కద్దు. అప్పుడు చేయెత్తినవారికి కొంత వరుస కలిసివస్తుంది. ఎక్కినదే మళ్లీ ఎక్కాలనిపిస్తే ఎవరినీ బతిమాలవలసిన పని లేదు, ముందు సీటా వెనక సీటా అన్న పంచాయితీ లేదు.

కోస్టర్ల గొప్పతనాన్ని మాత్రమే లెక్కిస్తే సీడర్ పాయింట్‌దే పైచేయి అని మొదటే ఒప్పుకోవాలి. 1870 నుంచి నడుస్తున్న ఈ పార్కు ఎత్తు విషయంలో మూడుసార్లు హద్దు చెరిపింది. బయలుదేరిన చోటికే చుట్టి వచ్చే కోస్టర్లలో 200 అడుగులు దాటిన మొదటిది ఇక్కడి మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200 (1989), 300 అడుగులు దాటిన మొదటిది మిలీనియం ఫోర్స్ (2000), 400 అడుగులు దాటిన మొదటిది టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ (2003). వీటిలో నా మనసు మిలీనియం ఫోర్స్ మీదనే ఉంటుంది. మామూలు గొలుసుకు బదులు తీగమోకు లాగుతుంది కాబట్టి రైలు ఆ 310 అడుగుల గుట్టను చకచకా ఎక్కేస్తుంది, భయపడడానికి తగినంత వ్యవధి కూడా ఇవ్వదు; కొన మీద ఒక్క క్షణం ఈరీ సరస్సు అంతా సముద్రంలా కనిపించి, తరువాత 80 డిగ్రీల వాలున 300 అడుగులు పడిపోతూ గంటకు 93 మైళ్ల వేగం అందుకుంటుంది. పై ప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

దానికి సాటిగా కింగ్స్ ఐలాండ్‌లో 2020లో వచ్చిన ఓరియన్ ఉంది. దాని గుట్ట ఎత్తు 287 అడుగులే అయినా, పట్టాలు నేలమట్టం కంటే కిందికి దిగుతాయి గనుక పడే లోతు 300 అడుగులే. వేగం 91 మైళ్లు. అంకెల్లో రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గాని, మిలీనియం ఫోర్స్ పొడవు 6,595 అడుగులైతే ఓరియన్ 5,321 అడుగుల దగ్గరే ముగిసిపోతుంది. ఆ తేడా ఎక్కినవారికి స్పష్టంగా తెలుస్తుంది. పైగా ఓరియన్ మీద నుంచి కనిపించేది చెట్లూ పార్కింగ్ స్థలమూ మాత్రమే. సరస్సుతో పోటీ పడడం ఎవరి తరమూ కాదు.

సీడర్ పాయింట్ బలమంతా మరొకచోట, పార్కు చిట్టచివర, స్టీల్ వెంజెన్స్ రూపంలో ఉంది. 1991 నాటి మీన్ స్ట్రీక్ అనే చెక్క కోస్టరు కట్టడాన్ని నిలబెట్టి, దాని మీద ఉక్కు పట్టాలు పరిచి 2018లో తెరిచిన కోస్టరు ఇది. 205 అడుగుల ఎత్తు, నిట్టనిలువు పతనం, నాలుగు తలకిందుల మలుపులు, గంటకు 74 మైళ్ల వేగం. అయితే దీని అసలు రుచి ఆ అంకెల్లో లేదు. గుట్ట మీద రైలు వంపు తిరుగుతున్నా మన శరీరం మాత్రం పైకే పోతూండడం వల్ల, సీటుకీ మనకీ మధ్య జానెడు గాలి మిగిలి, తొడల మీది కడ్డీ ఒక్కటే మనల్ని పట్టుకుని ఉంచే క్షణాలు కొన్ని వస్తాయి. అలాంటివి మొత్తం 27 సెకన్లకు పైగా ఉంటాయని పార్కు చెప్పుకుంటుంది. కింగ్స్ ఐలాండ్‌లో 230 అడుగుల డైమండ్‌బ్యాక్ (2009) ఇలాంటి తేలింపును ఇస్తుంది గాని, అది ఊయల లాంటి మెత్తటి తేలింపు. స్టీల్ వెంజెన్స్‌ది మెడ పట్టి ఎగరేసే బాపతు.

ఇంత పొగిడిన తరువాత కూడా, ఉన్నపళంగా ఒంటరిగా వెళ్లేవారికి నేను సీడర్ పాయింట్‌ను సిఫారసు చేయలేను. మొదటి కారణం గాలి. పార్కు సరస్సులోకి పొడుచుకు వచ్చిన సన్నటి నేల మీద ఉంది. మూడు వైపులా నీళ్లు కావడం వల్ల గాలి ఉధృతి పెరిగినా, మెరుపు కనిపించినా ఎత్తైన కోస్టర్లు ముందుగా ఆగిపోతాయి. మనం వెళ్లేది సరిగ్గా ఆ ఎత్తైన వాటి కోసమే. కొలంబస్‌లో ఎండ కాస్తోందని చూసి బయలుదేరితే అక్కడ నీటి మీద నుంచి మబ్బు ఎదురు రావచ్చు. రెండో కారణం దారి. ఆ భూభాగంలోకి వెళ్లడానికి 1957లో నీళ్ల మీదుగా వేసిన కాజ్‌వే అనే దారి ఒకటి, ఒడ్డు వెంట సాగే షొస్సే అనే పాత దారి ఒకటి మాత్రమే ఉన్నాయి కాబట్టి, పార్కు తెరిచే వేళకు అందరూ ఒకేసారి చేరిన శనివారం నాడు చివరి రెండు మైళ్లే మన ఓపికను పరీక్షిస్తాయి. మూడోది పార్కు ఆకారం: పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ముఖద్వారం మీదుగా గేట్‌కీపర్ అనే కోస్టరు పట్టాలు పోతాయి, స్టీల్ వెంజెన్స్, మావెరిక్ అనే మరో కోస్టరు అటు చివర ఉంటాయి; ఏది ముందు, ఏది వెనక అని ఇంటి దగ్గరే లెక్క వేసుకోనివారు సగం రోజు నడకకే ఖర్చు పెడతారు.

టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ కథను కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2021 ఆగస్టులో దాని నుంచి ఊడిన లోహపు ముక్క వరుసలో నిలబడ్డ ఒక సందర్శకురాలికి తగిలి తీవ్రంగా గాయపరచడంతో అది మూతబడింది. కొత్త రూపంలో, 420 అడుగుల గోపురాలు రెండింటితో, టాప్ థ్రిల్ 2 పేరున 2024 మే నెలలో తెరుచుకుని, వారం రోజులకే మళ్లీ ఆగి, ఆ ఏడాదంతా నడవలేదు. తిరిగి 2025లోనే నడిచింది. ఫలానా కోస్టరు ఇవాళ నడుస్తోందా లేదా అన్నది పార్కు యాప్‌లో చూడకుండా రెండు గంటలు కారు నడపడం తెలివైన పని కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. నడుస్తున్నదని చూసి బయలుదేరినా అది మనం చేరేవరకు నడుస్తుందన్న భరోసా లేదు గాని, అది రెండు పార్కులకూ ఉన్న తిప్పలే.

కింగ్స్ ఐలాండ్ ఇంత ముందుచూపు కోరదు. రహదారి దిగగానే పార్కింగ్, దాని పక్కనే గేటు, గేటు దాటగానే అసలు దానిలో మూడో వంతు ఎత్తున్న ఈఫిల్ టవర్ నమూనా. పార్కులో ఎక్కడ తప్పిపోయినా ఆ టవర్‌ను చూసి దిక్కు పోల్చుకోవచ్చు. 1972లో పార్కుతో పాటే తెరిచిన ది రేసర్ అనే జంట చెక్క కోస్టరుకు చరిత్రలో పెద్ద చోటుంది. చెక్క కోస్టర్లు ఒకదాని తరువాత ఒకటి కూలగొట్టబడుతున్న కాలంలో జనానికి మళ్లీ వాటి మీద మోజు పుట్టించింది ఇదేనని కోస్టర్ల చరిత్ర తెలిసినవారు చెబుతారు. 2014లో వచ్చిన బాన్షీ కాళ్లు కిందికి వేలాడే రకం. 4,124 అడుగుల పొడవుతో ఆ జాతిలో అతి పొడవైనది, ఏడుసార్లు తలకిందులు చేస్తుంది. సీడర్ పాయింట్‌లో అదే జాతి రాప్టర్ (1994) ఉంది. మలుపుల పదునులో నాకు రాప్టరే నచ్చుతుంది, కానీ ఒంటరిగా వెళ్లిన రోజున బాన్షీ మెత్తదనం నడుముకు మేలు చేస్తుంది. 2017 నాటి మిస్టిక్ టింబర్స్ 109 అడుగులే. చిన్నదని తీసిపారేస్తే నష్టపోతాం. చెట్ల మధ్య ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వకుండా పరిగెత్తి, చివర ఒక పాకలోకి దూరి ఆగుతుంది. ఆ పాకలో ఏముందో చెబితే వెళ్లబోయేవారి సరదా పోతుంది.

నిర్ణయం కింగ్స్ ఐలాండ్ వైపు మొగ్గడానికి అసలు కారణం మాత్రం ది బీస్ట్. 1979లో పార్కు సొంత పనివారే రూపొందించిన ఈ చెక్క కోస్టరు 7,300 అడుగులకు పైగా పొడవుతో నేటికీ ప్రపంచంలో అతి పొడవైన చెక్క కోస్టరు. ఒక్క ప్రయాణం నాలుగు నిమిషాలకు పైగా సాగుతుంది. పగలు ఎక్కితే ఇదేమంత గొప్పదని అనిపించవచ్చు: కొంత కుదుపు, కొంత బ్రేకు. చీకటి పడ్డాక సంగతి వేరు. పట్టాలు పార్కు దీపాలను వదిలి అడవిలోకి పోతాయి. ముందు ఏ మలుపు వస్తుందో కనబడదు. రెండో గుట్ట మీదికి రైలు తీరిగ్గా ఎక్కుతున్నంతసేపూ కీచురాళ్ల రొద వినిపిస్తుంది. తరువాత సొరంగాల గుండా ఒకటిన్నర చుట్టు తిరిగే మలుపులోకి విసిరేస్తుంది. స్నేహితులతో వెళ్లినప్పుడు ఆ నాలుగు నిమిషాలూ మన కేకలతోనే నిండిపోతాయి. పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడే ఆ అడవి చప్పుడు చెవిన పడుతుంది. సీడర్ పాయింట్‌లో ఒంటరితనం వల్ల ఇంత లాభించే కోస్టరు నాకు కనబడలేదు.

మూడో మాట కూడా కొందరు అడుగుతారు: పిట్స్‌బర్గ్ దగ్గరి కెన్నీవుడ్ సంగతేమిటని. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లినప్పుడు దానిని కలుపుకోవచ్చన్నది మనవాళ్ల ఆలోచన. 1898 నుంచి ఉన్న పార్కు, 1920 నాటి జాక్ రాబిట్ ఇంకా నడుస్తూనే ఉంది. పాతకాలపు చెక్క కోస్టర్లంటే ఇష్టమున్నవారికి అది తీర్థయాత్రే. అయితే మూడు గంటలకు పైగా ప్రయాణం, పైగా అక్కడి థండర్‌బోల్ట్ మీద ఒంటరిగా ఎవరినీ కూర్చోనివ్వరు. బెంచీ లాంటి సీటు మీద మలుపుల్లో ఒక పక్కకు జారిపోకుండా ఇద్దరు ఉండాలన్నది నియమం. జత కోసం వరుసలో ముక్కూ మొహం తెలియనివారిని అడుక్కోవలసిన పార్కును ఒంటరి రోజుకు ఎంచుకోవడం ఎందుకు?

ఖర్చు విషయంలో రెండు ఒహాయో పార్కుల మధ్య పెద్ద తేడా చూపలేం. సీడర్ పాయింట్ యాజమాన్యమే 2006లో కింగ్స్ ఐలాండ్‌ను కొన్నది, 2024లో ఆ సంస్థ సిక్స్ ఫ్లాగ్స్‌తో విలీనమైంది. రెండు చోట్లా చెల్లే సీజన్ పాసు ఉంటే, తిరిగి రావాలనిపించిన గంటలో తిరిగి రావచ్చు. ఉన్నపళంగా వెళ్లే అలవాటున్నవారికి అది ఒక్కరోజు టికెట్టు కంటే నయం, ఎందుకంటే వాన పడి నాలుగు కోస్టర్లకే పరిమితమైనా డబ్బు పోయిందన్న దిగులు ఉండదు. వరుసను దాటించే ఫాస్ట్ లేన్ ధర ఒక్కరికే అయినా బరువే. శనివారం సీడర్ పాయింట్‌లో అది దాదాపు తప్పనిసరి అనిపిస్తుంది, వారం మధ్యలో కింగ్స్ ఐలాండ్‌లో నేను దాని జోలికి పోలేదు. తిండికి మాత్రం, పొద్దున కలిపిన పులిహోర డబ్బా కారులో ఉంచుకుని మధ్యాహ్నం బయటికి వచ్చి తినడం శాకాహారులకు ఉత్తమం. పెరుగన్నం తిన్న అరగంటలోపు బాన్షీ జోలికి వెళ్లవద్దని అనుభవం మీద చెబుతున్నాను.

సీడర్ పాయింట్‌ను ఎంచుకోదగిన సందర్భం ఒకటుంది. వారం మధ్యలో సెలవు దొరికి, ముందురోజు రాత్రే ఈరీ సరస్సు మీది గాలి సూచన చూసుకుని, తెల్లవారకముందే బయలుదేరి, గేటు తెరవగానే నేరుగా చివరనున్న స్టీల్ వెంజెన్స్ దగ్గరికి నడిచే ఓపిక ఉంటే, దానితో సాటి వచ్చే రోజు కింగ్స్ ఐలాండ్ ఇవ్వలేదు. అయితే అన్ని షరతులు కుదిరిన రోజును ఉన్నపళంగా వెళ్లిన రోజు అనలేం. కాఫీ కప్పు చేతిలో ఉండగా తోచిన ప్రయాణమైతే ఐ-71 మీద నైరుతికే తిరగండి. పది దాటాక చేరినా ఫరవాలేదు, ముందు ఓరియన్ వరుస చూసుకోండి, మధ్యాహ్నం ఎండలో ఫ్లైట్ ఆఫ్ ఫియర్ లాంటి లోపలి కోస్టరులో చల్లబడండి, సాయంత్రం పార్కులోని రివర్‌టౌన్ అనే భాగం వైపు జరిగి డైమండ్‌బ్యాక్, మిస్టిక్ టింబర్స్ ముగించండి. పార్కు మూసే వేళకు పావుగంట ముందు ది బీస్ట్ వరుసలో నిలబడితే, చీకట్లో వెళ్లే చివరి రైళ్లలో ఒకటి మీదవుతుంది.