చెత్త అని చూపించే అంకెల్లోనే మన సీసం, మన వెండి: ఒక మెటల్ డిటెక్టర్ సమీక్ష

గుంటూరు చుట్టుపక్కల మిర్చి చేలల్లోను, వేసవిలో ఎండిన చెరువుల్లోను, అనుమతి దొరికిన బీడు భూముల్లోను కొన్నేళ్లుగా నేను ఒకే డిటెక్టర్‌ను వాడుతున్నాను. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే, మధ్యరకం ధర గల యంత్రం ఇది. బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, కాయిల్ (నేల మీద ఊపే తీగచుట్ట పళ్లెం) ఎన్ని అంగుళాలు అన్నవి కొనేముందు ఎవరైనా చూసుకునే సంగతులే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే చిక్కు ఏ ఒక్క కంపెనీదో కాదు, ఈ తరగతి యంత్రాలన్నిటికీ ఉన్నదే. నా పేచీ అంతా తెర మీద కనిపించే ఆ రెండంకెల సంఖ్యతోనే.

కాయిల్ కింద లోహం తగలగానే 0 నుంచి 99 లోపు ఏదో ఒక సంఖ్య చూపించి, భూమిలో ఉన్నదేమిటో తవ్వకముందే చెబుతానని ఈ యంత్రం మాట ఇస్తుంది. కొన్న కొత్తలో ఆ మాటకు నేను ముగ్ధుణ్ణయ్యాను. ఇంట్లో ఉన్న ఐదో జార్జి కాలపు వెండి రూపాయిని పెరట్లో జానెడు లోతున పాతిపెట్టి, ఎటు నుంచి ఊపినా 88, 89 తప్ప మరో అంకె రాకపోవడం చూసి, అడిగినవారందరికీ ఇంతకు మించిన యంత్రం లేదని చెప్పాను. వెండి రూపాయి విషయంలో అది ఇవాళ్టికీ నిజమే, కనుక ఆ మాటను వెనక్కి తీసుకోను. కాకపోతే చేలో అడుగడుగునా వెండి రూపాయిలు ఉండవు.

అసలు ఈ అంకెల వరుసను ఎవరి నేలను దృష్టిలో పెట్టుకుని కూర్చారన్నది చూడాలి. తెర పైభాగాన పెన్నీ, డైమ్, క్వార్టర్ అంటూ గళ్లు గీసి ఉన్నాయి. అమెరికా మైదానాల్లో నాణేలు చాలావరకు పై గళ్లలో పడతాయి, సిగరెట్ పెట్టెలోని తగరపు కాగితం వంటివి కింది గళ్లలో పడతాయి. అందుకని ‘నాణేలు’ అన్న మీట నొక్కితే కింది గళ్లన్నీ మూగబోయేలా అమర్చారు. అక్కడివారికి అది హాయి కావచ్చు గాని ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. 1960ల మధ్య నుంచి చెలామణిలోకి వచ్చిన మన అల్యూమినియం పైసలు, అందులోనూ అంచు వంపులు తిరిగిన పది పైసల బిళ్ల, పై గళ్లలో పడి, నిధి దొరికిందన్నంత హుషారుగా మోగుతాయి. 1988 తర్వాత వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు పావలాలు, 1992 తర్వాతి స్టీలు రూపాయిలు అయస్కాంతానికి అంటుకునే రకం కావడంతో తరచు ఇనుప ముక్కల్లో కలిసిపోతాయి. విజయవాడలో కృష్ణ ఒడ్డున పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోకి విసిరి, భక్తులు వేసిన రూపాయి బిళ్లలను లాగుతుంటారు. ఆ ఒక్క పనిలో మటుకు వాళ్ల తాడు ముందు నా యంత్రం దిగదుడుపే.

మన ప్రాంతంలో బాగా పాత నాణేలు అనదగినవాటిలో సీసానివి ఎక్కువ. శాతవాహనులు ఆంధ్ర దేశంలో సీసపు నాణేలను విస్తారంగా వేయించారు. ఒకవైపు ఏనుగో, ఓడో, రెండోవైపు ఉజ్జయిని గుర్తో (నాలుగు కొనలకూ వలయాలున్న అడ్డుగీతల బొమ్మ) ఉన్నవాటిని మ్యూజియంలలో చూడవచ్చు. సీసం విద్యుత్తును రాగితో పోలిస్తే దాదాపు పన్నెండో వంతు మాత్రమే ప్రసరింపజేస్తుంది. డిటెక్టర్ చూపించే సంఖ్య లోహపు విలువను బట్టి కాక, కాయిల్ ప్రభావానికి దానిలో పుట్టి గుండ్రంగా తిరిగే విద్యుత్తు, అంటే సుడి ప్రవాహాల బలాన్ని బట్టి, ఆ ప్రవాహాలు ఎంతసేపు నిలుస్తాయన్నదాన్ని బట్టి వస్తుంది కనుక, గోరంత సీసపు బిళ్ల 30, 40ల మధ్య తచ్చాడుతుంది. తగరపు కాగితాల గడి కూడా సరిగ్గా అదే. పూర్వం రైతులు పాత ఊళ్ల దిబ్బల నుంచి పాటిమన్ను బళ్ల మీద తోలి చేలకు ఎరువుగా చల్లేవారు. ఆ మట్టితో పాటు పెంకులు, పూసలు, ఎప్పుడైనా ఒక నాణెం కూడా పొలానికి చేరేవి. అంటే దిబ్బను ముట్టుకోకుండా, సొంత చేలోనే పాత సీసం తగిలే అవకాశం ఉన్న నేల ఇది. అటువంటి నేల మీద ‘నాణేలు’ మీట నొక్కితే ఆ నాణేన్నే దాటిపోతాం.

ఈ సంఖ్య మీద నాకున్న కోపానికి సీసం ఒక కారణమైతే, దానికి తగిన పరీక్ష మాత్రం మా పిన్ని మెట్టెతో జరిగింది. ప్రత్తిపాడు వైపు వాళ్లకు మిర్చి చేను ఉంది. కల్లంలో ఎండబోసిన కాయలను కాళ్లతో తిరగదోస్తుండగా ఎడమకాలి మెట్టె ఒకటి జారిపోయింది. కల్లమంతా ఊడ్చి చూశారు, తాలుకాయల కుప్ప రెండుసార్లు జల్లించారు, దొరకలేదు. వెల కట్టి చూస్తే పెద్ద వస్తువేమీ కాదు గాని, మెట్టె పోవడం మంచిది కాదన్న దిగులు ఆవిడది. నేను యంత్రం పట్టుకుని వెళ్లగానే, “ఇన్ని వేలు పోసి కొన్నావంటగా అబ్బాయ్, ఇదన్నా కనిపెడుతుందేమో చూడు” అంది.

వెతికేముందు అటువంటిదే మరొక మెట్టె మీద కాయిల్ ఊపి, అంకె ఎంత వస్తుందో తెలుసుకుంటే పని సులువవుతుంది. కుడికాలి మెట్టె కాసేపు తీసి ఇమ్మంటే పిన్ని ససేమిరా అంది. ఉన్నది కూడా తీయమంటావా అని బాబాయి మీద కేకలేసింది, ఆయన ఆ మాటే అనలేదు. చివరకు పాదాన్ని నేల మీద ఆనించి ఉంచమని, కాయిల్‌ను దాని మీదుగా ఊపాను. ఆవిడకు పట్టీలు పెట్టుకునే అలవాటు లేకపోవడం కలిసివచ్చింది. వెండి కాబట్టి 80కి తగ్గదనుకునే చోట తెర 36 చూపించింది, ఆపైన 41, ఆపైన 34, ఒక్కచోట నిలవలేదు. పక్కనే నిలబడి తెరలోకి తొంగి చూసిన పిన్ని, ఆ గడి మీద ఉన్న రేకుముక్క బొమ్మ చూసి, “నా కాలిని కూడా చెత్త కింద జమకట్టిందా నీ మిషను?” అని అడిగింది. అప్పటికి నా దగ్గర సమాధానం లేదు గాని కారణం మాత్రం ఆ వేలి మీదే ఉంది. మెట్టె పూర్తి వలయం కాదు. వేలికి తగ్గట్టు బిగించుకోవడానికి రెండు కొనలనూ కలపకుండా వదిలేస్తారు. వలయం మూసి ఉంటే ప్రవాహం చుట్టూ తిరిగి బలంగా మారుమోగుతుంది, అదే ఒకచోట తెగి ఉంటే తీగ మందంలోనే చిన్న చిన్న సుళ్లుగా కుంచించుకుపోతుంది. లోహం మేలిమి వెండే అయినా తెర మీద దాని స్థాయి తగరపు కాగితానికి పడిపోతుంది.

అంకె తెలిసింది కదా అని సంబరపడడానికి కూడా లేకపోయింది. మిర్చికి ఎన్నిసార్లు మందు కొడతారో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పురుగుమందు సీసాల మూతి మీది అల్యూమినియం సీళ్లు, మాత్రల అట్టల ముక్కలు, గుట్కా పొట్లాలు కల్లం గట్టు పొడవునా మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. అవన్నీ కూడా 30, 40ల మధ్యే మోగాయి. ఇక తెర చూడడం మానేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గట్టు వెంట నెమ్మదిగా శబ్దం మీదనే నడిచాను. సీళ్లు పలచగా, వెడల్పుగా ఉండడం వల్ల మోత మెత్తగా మొదలై మెత్తగా ముగిసేది. తాలుకాయలు పారబోసే మూల దగ్గర ఒకచోట మాత్రం శబ్దం సన్నగా, కత్తిరించినట్టు ఠక్కున వచ్చి ఠక్కున ఆగింది. అడ్డంగా తిరిగి ఊపితే సగానికి సగం తగ్గింది. తాపీతో నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి, పిన్‌పాయింటర్ (గుంటలో లోహం ఎటువైపుందో చెప్పే చిన్న చేతి డిటెక్టర్) గుచ్చి చూస్తే గుంట పక్క గోడలో దొరికింది. కొనలు రెండూ విప్పారిపోయి, వాటి మధ్య ఒక మిరపకాయ తొడిమ ఇరుక్కుని ఉంది. నల్లమట్టి పట్టిన ఆ మెట్టెను బాబాయి పంచె అంచుతో తుడిచి ఇచ్చారు. పిన్ని దాన్ని కొంగున ముడి వేసుకుని, అంతకు ముందెప్పుడో పోయిన చెవిదుద్దు శీల కూడా వెతికిపెట్టమంది. అది దొరకలేదు. అంత చిన్న బంగారపు మేకును పట్టుకోవడం ఈ ఫ్రీక్వెన్సీకి, ఈ కాయిల్‌కు శక్తికి మించిన పని.

అప్పటి నుంచి నేను ఏ గడినీ మూగబోనివ్వకుండా, అన్ని లోహాలూ మోగే అమరికలోనే నడుస్తున్నాను. దీనివల్ల శ్రమ పెరుగుతుందన్నది దాచను. ఒక పూటంతా తవ్వినా సీళ్లు, సీసా మూతలు తప్ప మరేమీ దొరకని రోజులు చాలానే ఉంటాయి, జేబు సంచి నిండా చెత్తతో ఇంటికి చేరతాను. అలాగని ఆ అంకె పూర్తిగా దండగ అనడం కూడా న్యాయం కాదు. 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీ ఒకటి చెరువు లోపల మెత్తటి ఒండ్రులో తగిలినప్పుడు, నడిమి లోహం లేదు కదా, అంకె బాగా తగ్గుతుందేమో అనుకున్నాను. ఇంటికి తెచ్చి, దాదాపు అంతే వెడల్పున్న చిల్లులేని పాత కంచు బిళ్ల పక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదు. ప్రవాహం ఎక్కువగా అంచు వెంటే తిరుగుతుంది, చుట్టూ అంచు తెగకుండా ఉంటే నడుమ చిల్లున్నా పెద్దగా నష్టం లేదు. మెట్టెను అవమానించిన యంత్రమే చిల్లు కాణీకి మర్యాద చేసింది. ఈ ఒక్క సూత్రం వాడుక పుస్తకంలో ఎక్కడా రాయలేదు, రాసి ఉంటే సగం విసుగు తప్పేది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. నల్లరేగడిలో పని ఫర్వాలేదు గాని, చేను మారినప్పుడల్లా, తడి మారినప్పుడల్లా గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాలకు యంత్రం మోగకుండా సరిచేసుకోవడం, మళ్లీ చేసుకోవాలి, యంత్రం తానంతట తాను చేసుకుంటుందన్న మాటను నేను అంతగా నమ్మను. కొండ అంచుల్లో ఇనుప శాతం ఎక్కువున్న రాళ్ల దగ్గర లోతు బాగా పడిపోతుంది. సూర్యలంక తడి ఇసుకలోనైతే ఉప్పునీటికి అదేపనిగా అరుస్తుంది. లోతు చూపించే గీతలు నాణెమంత వస్తువునే ఊహించుకుని లెక్క కడతాయి కాబట్టి, పెద్ద నాగటి కర్రు ఉంటే అరచేతి లోతులో ఉందని చెప్పి మోకాలి లోతు తవ్విస్తాయి.

మన దగ్గర ఈ యంత్రం చేతపట్టుకుని కనిపిస్తే చాలు, గుప్తనిధుల ముఠా అనుకుంటారు. ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను, గుళ్లు, కోటలు తవ్వి పాడుచేసినవారు ఉన్నారు కాబట్టే అది పుట్టింది. కొండవీడు, కొండపల్లి, ఉండవల్లి, అమరావతి, భట్టిప్రోలు వంటి చోట్లకు దీన్ని బండిలో పెట్టుకుని కూడా వెళ్లను, అడవి భూమిలోకి అసలే తీసుకుపోను. రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. సొంత పొలమైనా సరే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 10 రూపాయలంటే ఈ రోజుల్లో ఏ పాత నాణెమైనా దాటుతుంది. మా చేలో పాటిమన్ను తోలిన చెక్కలో దొరికిన ఒక సీసపు బిళ్లను, దొరికిన చోటు, లోతు, తేదీ కాగితం మీద రాసి, తుడవకుండా, రుద్దకుండా అప్పగించాను. సీసం మీది తెల్లటి పూతను గీకితే దానితో పాటు గుర్తు కూడా పోతుంది. ఫొటో మాత్రం ఉంచుకున్నాను.

కొనవచ్చా అని అడిగితే, నా పరిస్థితులు వేరని ముందే చెప్పాలి. ఉద్యోగ విరమణ తర్వాత తీరిక దొరికినవాణ్ణి, చుట్టాల చేలు చుట్టూ ఉన్నాయి, అడిగితే కాదనేవారు లేరు, రోజంతా తవ్వి రేకుముక్కలు తెచ్చినా ఇంట్లో ఎవరూ లెక్క అడగరు. అటువంటివారికి, ముఖ్యంగా కల్లంలోను చేలోను పోయిన వస్తువులు వెతికిపెట్టే పనికి, ఈ ధరలో ఇది సరిపోతుందనే అంటాను, ‘నాణేలు’ మీట జోలికి పోకుండా ఉంటేనే సుమా. ఆదివారం పూట గంటసేపు తిరిగి ఏదో ఒకటి దొరకాలనుకునేవారికి విసుగు తప్పదు. బందరు, బాపట్ల వైపు సముద్రపు ఒడ్డునే ఎక్కువగా తిరిగేవారైతే ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం తీసుకోవద్దు, కొంచెం ఎక్కువ పెట్టి అనేక ఫ్రీక్వెన్సీలు ఒకేసారి పంపే రకం చూసుకోవాలి. దాని అంకెలు మెట్టెను ఏమంటాయో నేను వాడి చూడలేదు. కొనే ముందు దుకాణంలో వాళ్లు బల్ల మీద పెట్టే విదేశీ నాణెంతో సరిపెట్టుకోకుండా, ఇంటి నుంచి ఒక మెట్టె, ఒక పది పైసల బిళ్ల, ఒక పురుగుమందు సీసా సీలు తీసుకెళ్లి, మూడింటి మీదా ఊపించి చూడడం మంచిది.