నిషికియా, తెన్‌జిన్‌బాషిసుజియా: ఒక్క పూటే ఉంటే ఏది మేలు?

జపాన్ వస్తున్నాం, ఒసాకాలో మూడు రోజులు, క్యోటోలో రెండు రోజులు ఉంటాం, పైకప్పున్న బజారు వీధి ఒక్కటైనా చూడాలి, ఏదైతే బాగుంటుంది? తెలిసినవాళ్లు ఎవరు బయల్దేరినా ఇదే అడుగుతున్నారు. మొన్న అమ్మానాన్నలు వచ్చినప్పుడు రెండు వీధులూ తిప్పాను కాబట్టి ఇప్పుడు కాస్త గట్టిగానే చెప్పగలను.

క్యోటోలోని నిషికి 390 మీటర్లు, దాదాపు 130 కొట్లు. ఒసాకాలోని తెన్‌జిన్‌బాషిసుజి సుమారు 2.6 కిలోమీటర్లు, 600 దాకా కొట్లు. జపాన్‌లో దీనికంటే పొడవైన షోతెన్‌గై, అంటే బజారు వీధి, లేదు. కానీ పొడవును బట్టి నేను తేల్చుకోలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఇంకా అక్కడే సరుకులు కొంటున్నారా లేదా, నేను చూసేది అదొక్కటే.

నిషికికి 'క్యోటో వంటిల్లు' అనే పేరు ఊరికే రాలేదు. అక్కడ భూమిలోంచి వచ్చే చల్లటి నీళ్లలో చేపలు పాడవకుండా ఉండేవి, అలా బజారు పుట్టింది. తవుడులో ఊరేసిన ముల్లంగి, వంకాయలు చెక్క తొట్లలో కనిపిస్తాయి. 1560 నాటి అరిత్సుగు కత్తుల కొట్టులో, కొన్న కత్తి మీద పేరు చెక్కి ఇస్తారు. ఇవన్నీ చూడాల్సినవే. చిక్కల్లా మధ్యాహ్నమే. సన్నటి వీధి, ఎటు చూసినా పర్యాటకులు, పుల్లకు గుచ్చిన తినుబండారాలు. నడుస్తూ తినొద్దని బోర్డులు కాబట్టి కొన్నచోటే నిలబడి తినాలి, వెనకాల జనం ఆగిపోతారు. నాన్న పావుగంట ఒక గోడకు ఆనుకునే ఉండిపోయారు. నిషికికి వెళ్లాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, లేదా కొట్లు కట్టేశాక వెళ్లండి. ఆ వీధిలో కూరగాయల వ్యాపారి ఇంట పుట్టిన చిత్రకారుడు ఇతో జకుచూ (1716–1800) బొమ్మలు షట్టర్ల మీద వేసి ఉంటాయి, మూస్తేనే కనిపిస్తాయి. తూర్పు చివర నిషికి తెన్‌మాంగూ గుడి ముందున్న రాతి తోరణాన్ని తలెత్తి చూడండి, దాని రెండు కొసలూ అటూ ఇటూ ఉన్న భవనాల్లోకి చొచ్చుకుపోయి ఉంటాయి.

తెన్‌జిన్‌బాషిసుజిలో ఇంత అందం లేదు. మందుల షాపు, చెప్పుల షాపు, పాత పుస్తకాలు, వంద యెన్‌ల కొట్టు, మధ్యలో రోడ్లు అడ్డం వచ్చి సిగ్నల్ దగ్గర ఆగడం. అయినా నా మనసు ఇటే. ఒక కూరగాయల కొట్టు ముందు ప్లాస్టిక్ బుట్టల్లో ఐదేసి వంకాయలు పోసి, అట్టముక్క మీద మార్కర్‌తో ధర రాసి పెట్టారు. సైకిల్ ఆపుకున్న ఒక మామ్మగారు ఒక్కో వంకాయనూ తిప్పి తొడిమ చూస్తున్నారు. పక్కన నిలబడి మా అమ్మా అదే పని మొదలుపెట్టింది. ఒకరి మాట ఒకరికి రాదు. ఆవిడ ఒక బుట్ట తీసి అమ్మ చేతికిచ్చి తలూపారు. ఆ రాత్రి మా ఇంట్లో గుత్తివంకాయ. నిషికిలో అమ్మ చూస్తూ నడిచింది, ఇక్కడ బేరానికొచ్చిన మనిషైపోయింది.

శాకాహారులు రెండుచోట్లా జాగ్రత్తగా ఉండాలి. జపాన్ వంటల్లో వాడే దాషి అంటే మామూలుగా ఎండుచేప రసమే, నూనెలో వేయించే కొరొక్కెలో ఆలుగడ్డతో పాటు తరచుగా కీమా ఉంటుంది. ఎర్ర చిక్కుళ్ల ముద్ద పెట్టిన మోచి (బియ్యంతో చేసే మెత్తటి ఉండ) అయితే ఇబ్బంది లేదు.

ఒసాకాలోనే ఉన్న కురోమోన్ బజారు గురించీ అడుగుతుంటారు. సముద్రపు చేపలు, పీతలు ఇష్టమైతే వెళ్లండి, ధరలు మాత్రం పర్యాటకుల ధరలు.

తెన్‌జిన్‌బాషిసుజి అనుకుంటే సబ్‌వేలో తెన్‌జిన్‌బాషిసుజి రోకుచోమె (అందరూ తెన్‌రోకు అంటారు) స్టేషన్‌లో దిగి దక్షిణంగా నడవండి. అక్కడక్కడా ఆగుతూ వెళ్తే రెండు గంటలు పడుతుంది. మినామిమోరిమాచి దాటాక ఎడమవైపు సందులోకి తిరిగితే ఒసాకా తెన్‌మాంగూ. ఇక్కడా, నిషికి చివర గుడిలోనూ దేవుడు ఒకరే, చదువుల దేవుడిగా కొలిచే సుగవర నో మిచిజానే. పిల్లలకు పరీక్షలుంటే చిన్న చెక్కపలక కొని కోరిక రాసి కట్టిరావచ్చు. జూలై 24, 25 తేదీల్లో తెన్‌జిన్ పండుగ, ఆ రెండు రోజులూ పెద్దవాళ్లతో మాత్రం వద్దు.