కెనాన్ 18-135 ఎస్‌టీఎం లెన్స్: చెన్నై వాడకంలో తేలిన సంగతులు

డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకు అన్నిటికీ పనికొచ్చే జూమ్ లెన్స్ కొనాలనుకునేవారు ముందుగా అది ఎంత దూరం లాగుతుందో చూస్తారు. చెన్నైలో ఏళ్ల తరబడి కెనాన్ ఇఎఫ్-ఎస్ 18-135 ఎస్‌టీఎం (18 నుంచి 135 మి.మీ. దాకా జూమ్ అయ్యే, స్టెప్పింగ్ మోటారుతో ఫోకస్ చేసే లెన్స్) వాడిన మీదట, కెమెరా నుంచి లెన్స్ విప్పే అవసరాన్ని అది ఎంతగా తప్పిస్తుందన్నదే అసలు పరీక్ష అని నాకు గట్టి నమ్మకం కలిగింది. మెరీనాలోనో బెసెంట్ నగర్ తీరంలోనో ఉప్పుగాలి ఇసుకను ఎగరేస్తున్నప్పుడు లెన్స్ మార్చడమంటే కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్‌ను చేజేతులా దుమ్ముకు అప్పగించడమే.

2012లో వచ్చిన ఈ లెన్స్ బరువు 480 గ్రాములు, ఫిల్టర్ కొలత 67 మి.మీ. కెనాన్ క్రాప్ సెన్సర్ (35 మి.మీ. ఫిల్మ్ అంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 1.6తో హెచ్చిస్తే ఇది ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో సుమారు 29 నుంచి 216 మి.మీ. దాకా చూపిస్తుంది. పేరున్న 24-105 ఎల్ లెన్స్‌ను చాలామంది సిఫారసు చేస్తారు గాని, క్రాప్ సెన్సర్ మీద దాని వెడల్పు కోణం 38 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇరుకు వీధుల్లో అది చాలదు. 17-55 ఎఫ్/2.8 (ఎఫ్ పక్క అంకె చిన్నదైతే లోనికి వచ్చే వెలుతురు ఎక్కువ) వెలుతురు విషయంలో ఎంతో మేలైనదే, కాని 645 గ్రాములు మోసినా 55 మి.మీ. దాటి వెళ్లలేదు. 18-200 బరువు 595 గ్రాములు. టామ్రాన్ 18-400 అయితే 710. పక్షుల కోసం పళ్లికరణై చిత్తడి నేలకు తరచుగా వెళ్లేవారికి తప్ప, రోజంతా మెడలో వేసుకు తిరిగేవారికి ఆ అదనపు దూరం అంత బరువు మోయదగిన లాభం కాదని నా అభిప్రాయం.

ఈ లెన్స్ బలమూ బలహీనతా ఒకే సాయంత్రం కనబడాలంటే మైలాపూరులో పంగుణి బ్రహ్మోత్సవాల సమయంలో జరిగే అరుపత్తుమూవర్ ఉత్సవానికి వెళ్లాలి. అరవై ముగ్గురు నాయనార్ల ఉత్సవమూర్తులు పల్లకీల మీద కపాలీశ్వరస్వామి ఆలయ మాడవీధుల్లో ఊరేగుతుంటే, వెనక్కి ఒక్క అడుగు వేయడానికి కూడా జనం చోటివ్వరు. అక్కడ 18 దగ్గర ఏడంతస్తుల గోపురమూ దాని కింది జనసముద్రమూ ఒకే చట్రంలో పడతాయి. చేతిని కాస్త తిప్పితే 135 దగ్గర పల్లకీ మీద కూర్చున్న అర్చకుని ముఖం మీది చెమట బిందువులు సైతం స్పష్టంగా దక్కుతాయి. అయితే పొద్దు వాలేకొద్దీ కష్టం మొదలవుతుంది. జూమ్ లాగేకొద్దీ ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/3.5 నుంచి ఎఫ్/5.6కు తగ్గిపోతుంది, ఎఫ్/2.8 ఉన్న లెన్స్‌తో పోలిస్తే ఇది లోనికి వచ్చే వెలుతురులో నాలుగో వంతు మాత్రమే. ఎఫ్/2.8తో సెకనులో 250వ వంతులో తీయగలిగే చిత్రానికి ఎఫ్/5.6తో 60వ వంతు కావాలి, లేదా సెన్సర్ వెలుతురును గ్రహించే తీవ్రతను సూచించే ఐఎస్‌ఓను నాలుగింతలు పెంచాలి.

నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు షట్టర్ తెరిచి ఉంచగల సమయం రెట్టింపు) దాకా సాయపడుతుందని చెప్పే ఇమేజ్ స్టెబిలైజర్ ఇక్కడ ఆదుకోదు. అది మన చేతి వణుకును సర్దుతుంది గాని, బోయీలు అడుగు వేసినప్పుడల్లా ఊగే పల్లకీని ఆపలేదు. గుడి లోపలి కదలని స్తంభాన్ని 15వ వంతు సెకనులో చేత్తోనే చెదరకుండా తీసిన ఇదే లెన్స్, ఊరేగింపులో 60వ వంతులోనూ ముఖాలను అలికేస్తుంది. అందుకే సంచిలో 160 గ్రాముల 50 ఎఫ్/1.8 ఒకటి ఉంచుకుని, దీపాలు వెలిగే వేళకు గాలి తగలని చోట నిలబడి మార్చుకుంటాను. ఎఫ్/5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్ల వెలుతురును లోనికి రానిస్తుంది.

స్పష్టత విషయంలో ఫిర్యాదు చేయవలసింది తక్కువ. 18 దగ్గర గోపురం అంచులు బయటికి ఉబ్బినట్టు వంగుతాయి, కంప్యూటర్‌లో ఆ వంపును సరిచేసే లెన్స్ ప్రొఫైల్ వేస్తే సరిపోతుంది. 135 దగ్గర మూలలు కొంచెం మెత్తబడతాయి, ఎఫ్/8కి తెస్తే కుదుటపడతాయి. నన్ను ఆశ్చర్యపరిచింది దగ్గరి ఫోకస్. సెన్సర్ నుంచి 39 సెం.మీ. దూరంలో 0.28 రెట్ల పరిమాణం వస్తుంది. అంటే సుమారు ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువు చిత్రాన్ని నింపేస్తుంది. వాకిట్లో వేసిన ముగ్గులో పిండి గీత మీద పాకే చీమను తీయడానికి వేరే మాక్రో లెన్స్ వెతుక్కోనక్కరలేదు. ఎస్‌టీఎం మోటారు చప్పుడు వీడియోలో వినిపించదు, కాని ఫోకస్ రింగు మోటారు ద్వారానే పనిచేస్తుంది గనుక కెమెరా ఆపేసి ఉంటే దాన్ని ఎంత తిప్పినా ఫలితం ఉండదు. పక్క వెలుతురును అడ్డే హుడ్ పెట్టెలో రాదు, విడిగా కొనుక్కోవాలి.

చెన్నైలో లెన్స్ ఆయుష్షును నిర్ణయించేది తేమ. ఈశాన్య రుతుపవనాల నెలల్లో బీరువాలో మూసిపెట్టిన లెన్స్ గాజు మీద సాలెగూడు లాంటి ఫంగస్ పాకుతుంది. అది ఒకసారి పూతను తిన్నదంటే తుడిచినా మచ్చ మిగిలిపోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ శాతం చూపే చిన్న మీటరు ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకుని, నీలం గుళికలు గులాబీ రంగుకు మారగానే వేడి చేసి తిరిగి వాడుకోవాలి. ఏసీ కారులోంచి నేరుగా సముద్రతీరానికి దిగితే ముందు గాజు మీద ఆవిరి పడుతుంది, కనుక సంచి జిప్పు తీయకుండా కాసేపు ఆగడం మంచిది. ఈ లెన్స్‌కు వాతావరణ రక్షణ లేదు, జూమ్ లాగినప్పుడల్లా గొట్టం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. నా లెన్స్ లోపల కొన్ని దుమ్ము రేణువులు చేరాయి, అవి చిత్రాల్లో కనబడవు.

కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్7, ఆర్10 కెమెరాలకు మారినవారు కూడా అడాప్టర్‌తో దీన్ని వాడుకోవచ్చు గనుక, వాడినది దొరికితే కొనడం ఇప్పటికీ లాభమే. కొనేముందు రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. చుక్కలు కనబడితే దుమ్ము, పర్వాలేదు. పోగుల్లాంటి అల్లిక కనబడితే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.