భీమవరంలో రెజ్యూమే రాయించుకున్నాను: ఒక డీటీపీ సెంటరు గురించి

ఆక్వా ల్యాబులో మూడేళ్లు పనిచేసిన తర్వాత రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలకు ఏడాది పాటు దరఖాస్తులు పంపాను. ఇరవైకి పైగా పంపినా ఒక్క చోటు నుంచి కూడా ఫోను రాలేదు. చివరికి స్నేహితుడు చెప్పగా, భీమవరంలో జువ్వలపాలెం రోడ్డుకు దగ్గరలో ఒక సందులో, కింద జెరాక్స్ షాపు, మేడమీద ఒకే గది ఉన్న డీటీపీ సెంటరుకు వెళ్లి రెజ్యూమే కొత్తగా రాయించుకున్నాను. మన డెల్టాలో బీఎస్సీ, ఎమ్మెస్సీ పూర్తిచేసి నాలాగే ఎదురుచూస్తున్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడి పని ఎలా ఉంటుందో వివరంగా రాస్తున్నాను.

నా పాత రెజ్యూమే వేరే ఊళ్లోని ఒక నెట్ సెంటరులో వంద రూపాయలకు చేయించినది. మూడు పేజీలలో తండ్రి పేరు, మతం, వివాహ వివరాలు, హాబీలు, చివర ఒక డిక్లరేషను ఉండేవి. మూడేళ్ల ఉద్యోగానికి మాత్రం "ల్యాబ్ టెక్నీషియన్, నీటి మరియు రొయ్యల పరీక్షలు" అన్న ఒక్క పంక్తి దక్కింది.

ఈ సెంటరు నడిపే మేడమ్‌గారు ఇదివరకు ఒక మేత కంపెనీలో నియామకాలు చూసేవారట. మొదటి గంటసేపు ఆవిడ కంప్యూటరు ముట్టుకోలేదు. నేను తీసుకెళ్లిన ఉద్యోగ ప్రకటనను ముందు పెట్టుకుని, అందులోని ముఖ్యమైన మాటల కింద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తూ ఒకటే ప్రశ్నలు వేశారు. "సీజనులో రోజుకు ఎన్ని శాంపిల్స్ వచ్చేవండి? పీసీఆర్ మీరే పెట్టేవారా, పక్కన ఉండి అందించేవారా? పాజిటివ్ వస్తే రైతుకు ఎవరు చెప్పేవారండి?"

సీజనులో రోజుకు నలభై వరకు నమూనాలు వచ్చేవని, వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బులకు పీసీఆర్ (జబ్బు క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) నేనే చేసేవాడినని చెప్పాను. ఒకసారి చెరువులో వదలబోయే సీడులో (రొయ్య పిల్లల్లో) ఈహెచ్‌పీ పట్టుకోవడం వల్ల ఆ రైతు సీడు వెనక్కి పంపిన సంగతి కూడా మాటల్లో వచ్చింది. వైట్ స్పాట్ వస్తే రోజుల్లోనే రొయ్యలు చనిపోయి నష్టం కళ్లకు కనబడుతుంది గానీ, ఈహెచ్‌పీ సోకిన చెరువులో రొయ్య మేత తింటున్నా ఎదగదు, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) దిగదు, మేత ఖర్చు మాత్రం పెరిగిపోతూ ఉంటుంది. ఇదంతా విని ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఇంత పని చేసి ఇది ఎందుకు రాయలేదండీ మీరు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఇది రాయదగిన విషయమని అప్పటివరకు నాకు ఎవరూ చెప్పలేదు.

కొత్త రెజ్యూమే ఒక్క పేజీయే. పైభాగంలోనే నమూనాల సంఖ్య, నేను స్వయంగా చేసిన పరీక్షల పేర్లు, సీడు సంగతి రెండు పంక్తుల్లో ఉన్నాయి. ప్రకటనలో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష అడిగారు కాబట్టి, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల కోసం నేను చేసిన ఎలీసా పరీక్షలను ఆ వెంటనే చేర్చారు. హెచ్ఏసీసీపీ (ఆహార భద్రతా పద్ధతి) శిక్షణ కూడా పొందినట్టు రాయమని అడిగితే మాత్రం ఆవిడ ససేమిరా అన్నారు. ఎమ్మెస్సీలో ఒక పాఠంగా చదివానని మాత్రమే రాశారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను గానీ ఆ పట్టుదలకే ఇప్పుడు ఎక్కువ గౌరవం కలుగుతోంది. పెద్ద కంపెనీల్లో దరఖాస్తులను ముందు సాఫ్ట్‌వేరు చదువుతుందని, రెండు కాలమ్‌లు, బాక్సులు ఉంటే అక్షరాలు కలగాపులగం కావచ్చని చెప్పి రంగుల డిజైన్లన్నీ వద్దన్నారు.

లోపాలు కూడా చెప్పాలి. కవరింగ్ లెటరు మాత్రం అందరికీ ఒకే మూసలో ఇస్తున్నారు, నాది నేనే తిరిగి రాసుకున్నాను. రెండు రోజుల్లో ఇస్తామన్న పని ఐదు రోజులు పట్టడంతో ఒక కంపెనీ గడువు దాటిపోయింది. ఏడు వందల రూపాయలు తీసుకుని పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, వర్డ్ ఫైలుకు మరో వంద అడగడం న్యాయంగా అనిపించలేదు. ప్రతి ఉద్యోగానికీ పై పంక్తులు మార్చుకోవాలని ఆవిడే చెప్పారు, మార్చుకోవడానికి ఆ ఫైలే కదా కావాలి.

కొత్త రెజ్యూమేతో ఆరు చోట్లకు పంపితే రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒక ఇంటర్వ్యూలో క్వాలిటీ మేనేజరుగారు సీడు గురించి ఉన్న పంక్తి మీద వేలు పెట్టి, శాంపిల్ ఎలా తీశారు, ఎన్ని పిల్లలు తీసుకున్నారు, కంట్రోల్‌గా (పోలిక నమూనాగా) ఏది పెట్టారు అని పావుగంట దాని గురించే అడిగారు. నేను చేసిన పనే కాబట్టి తడుముకోకుండా చెప్పగలిగాను. ఫలితం ఇంకా తెలియలేదు.

వెళ్లేవారు ఉద్యోగ ప్రకటన కాపీ తప్పకుండా తీసుకెళ్లండి, అది లేనిదే ఆవిడ పని మొదలుపెట్టరు. గడువుకు కనీసం వారం ముందే వెళ్లండి, వర్డ్ ఫైలు సంగతి డబ్బు ఇచ్చే ముందే మాట్లాడుకోండి.