చిన్న కొట్టా, సూపర్ మార్కెట్టా?

మహానగరంలో ఇతర దేశాల వంట సరుకులు కావాలంటే రెండు దారులు: ఆయా దేశాలవారు నడిపే చిన్న కొట్లు, సూపర్ మార్కెట్‌లోని విదేశీ సరుకుల అర. నా మొగ్గు చిన్న కొట్టు వైపే. ఆ వంట రోజూ వండుకునేవారే అక్కడ కొంటారు కాబట్టి మంచి గిరాకీ ఉన్నచోట పాత సరుకు నిలవ ఉండదు. మసాలా దినుసులకు ఇది మరీ ముఖ్యం. పొడి కొట్టాక వాటిలోని సుగంధ తైలాలు త్వరగా ఆవిరైపోతాయి. పైగా, ఏది ఎలా వండాలో పక్కన నిలబడి కొంటున్నవారు కూడా ఓపికగా చెబుతారు. ఆ మాటల కోసమైనా వెళ్లాలనిపిస్తుంది నాకు.

సూపర్ మార్కెట్‌లో రకాలు తక్కువే. అయితే ఏదైనా పదార్థం ఒంటికి పడనివారికి, చదవగలిగే భాషలో లేబుల్ ఉండటం పెద్ద భరోసా. అలాంటివారు చిన్న కొట్టులో అనువాదం లేని పొట్లం జోలికి పోకపోవడమే మంచిది.