ఒక్కసారే ఆడగలిగే గేమ్‌కి డబ్బు పెట్టొచ్చా?

ఏ గేమ్ గురించి చెప్పినా మా స్నేహితులు ముందు అడిగేది ఒకటే: "ఎన్ని గంటలు వస్తుంది?" పెట్టిన డబ్బుకి కనీసం వంద గంటలైనా ఆడాలి, లేకపోతే దండగ అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కన నేను ఈ మధ్య ఆడినవాటిలో రెండు గేమ్‌లు అసలు కొననే కూడదు. ఒకటి ఔటర్ వైల్డ్స్, రెండోది రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్. రెండూ ఒక్కసారి పూర్తయ్యాయంటే మళ్లీ ఆడే వీల్లేదు. ఎవరూ ఆపరు, కానీ ఆడాల్సిందంతా అప్పటికే మన బుర్రలోకి వచ్చేసి ఉంటుంది. ఇన్నేళ్లలో నేను ఆడిన గేమ్‌లన్నిట్లో మనసులో గట్టిగా నాటుకున్నవి మాత్రం ఈ రెండే. ఏళ్ల తరబడి విడవకుండా ఆడుతున్న స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ కూడా నా దగ్గరుంది కాబట్టి రెండు రకాల గురించీ ధైర్యంగా చెప్పగలను.

ఔటర్ వైల్డ్స్ 2019లో వచ్చింది. చేసింది మోబియస్ డిజిటల్ అనే చిన్న స్టూడియో. అలెక్స్ బీచమ్ యూనివర్సిటీలో మాస్టర్స్ థీసిస్‌గా మొదలుపెట్టిన ప్రాజెక్టు చివరికి ఈ గేమ్ అయింది. 2020లో బ్రిటన్‌లో సినిమాలకీ గేమ్‌లకీ అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు ఉత్తమ గేమ్ అవార్డు దీనికే ఇచ్చారు. కథ ఎత్తుగడ చిన్నదే. నాలుగు కళ్ల మనుషులుండే ఒక బుల్లి గ్రహం మీద నెగడు పక్కన నిద్ర లేస్తాం. చెక్కలూ రేకులూ కలిపి బిగించినట్టుండే ఒక అంతరిక్ష నౌక మన చేతికిస్తారు. ఎక్కడికైనా వెళ్లొచ్చు. 22 నిమిషాలు తిరిగేసరికి సూర్యుడు పేలిపోతాడు, అందరం బూడిదవుతాం. కళ్లు తెరిస్తే మళ్లీ అదే నెగడు, అదే ఆకాశం.

ఇందులో లెవెల్స్ లేవు, నాణేలు లేవు, కొనుక్కునే ఆయుధాలు లేవు. మొదటి రోజు ఇచ్చిన నౌకతోనే చివరిదాకా తిరగాలి. గేమ్ ముగింపుకి వెళ్లే దారి మొదటి 22 నిమిషాల్లోనూ తెరిచే ఉంటుంది. మనకి తెలియదు, అంతే. కాబట్టి ఇక్కడ సంపాదించేది ఒక్క తెలివిడి మాత్రమే. చచ్చిపోయినా అది పోదు. నౌకలో ఉండే లాగ్‌బుక్ మనం కనుక్కున్న ప్రతి సంగతినీ గీతలతో ఒకదానికొకటి కలిపి చూపిస్తుంది, ఇంకా చూడాల్సింది మిగిలుంటే గుర్తు పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా బెంగ లేదు, పోతే ఆ ఒక్క 22 నిమిషాల చుట్టే పోతుంది.

గ్రహాలు చాలా చిన్నవి. కొన్నిటిని నిమిషాల్లో చుట్టి రావచ్చు. అయితే ఏదీ ఉన్నచోట ఉన్నట్టు ఉండదు. రెండు జంట గ్రహాలున్నాయి. ఒకదాని మీది ఇసుక స్తంభంలా లేచి రెండోదాని మీదికి ధారగా పోతూనే ఉంటుంది. మొదటి నిమిషాల్లో తెరిచి ఉన్న గుహలు కాసేపటికి పూడిపోతాయి. అవతలి గ్రహం మీద అదే సమయంలో ఇసుక కింద ఉన్న కట్టడాలు బయటపడతాయి. ఎక్కడికి వెళ్లాలన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు వెళ్లాలన్నదీ అంతే ముఖ్యం. ఇంకో గ్రహం లోపల కృష్ణబిలం ఉంది. పైనుంచి నిప్పురవ్వల్లాంటి బండలు పడుతుంటే నేల ముక్కలు ముక్కలుగా ఊడి అందులోకి జారిపోతుంటుంది. మరొకటి అంతా సముద్రం, తుపాన్లు. దీవుల్ని నీళ్లలోంచి పెకలించి ఆకాశంలోకి విసిరేసే సుడులు చూసి నేను కాసేపు చేతులు కదపకుండా కూర్చుండిపోయాను.

ఒక సంగతి దగ్గరగా చూపిస్తాను. ఎప్పుడో అంతరించిపోయిన నోమాయ్ అనే జాతి ఆ గ్రహాల మీద గోడల నిండా రాసి పెట్టి పోయింది. వాళ్ల రాత చుట్టలు చుట్టుకుంటూ ఉంటుంది. ఒకరు రాసిన చుట్ట నుంచి ఇంకొకరి జవాబు కొమ్మలా మొలుస్తుంది, దాన్నుంచి మరొకటి. ఏది ముందు, ఎవరు ఎవరికి బదులిచ్చారు అన్నది ఆకారం చూస్తేనే తెలుస్తుంది. ఇసుక గ్రహం గుహల్లో ఒకచోట ఆ జాతి పిల్లలు ఆడుకున్న కళ్లగంతల ఆట నియమాలు రాసి ఉన్నాయి. గంతలు ఎవరు కట్టుకోవాలి, మిగతావాళ్లు అతని పక్కనుంచి ఎలా దాటిపోవాలి అని. చుట్టూ ఇసుక పైకి వస్తుంటే నిలబడి చదివాను. పాపం, పిల్లల ఆటలే అనుకుని ముందుకు సాగాను. ఆ తర్వాత చాలా గంటలకి, సౌరకుటుంబంలో అన్నిటికంటే భయంకరమైన చోట, ఊపిరి బిగబట్టి ఆలోచిస్తుంటే ఆ నియమాలు గుర్తొచ్చాయి. ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పను. అది మీ అంతట మీరు కనుక్కున్నప్పుడు కలిగే ఆనందాన్ని ఇంకొకరు ఇవ్వలేరు.

సంగీతం ఆండ్రూ ప్రాహ్లో చేశారు. మనకంటే ముందు బయల్దేరిన అంతరిక్ష యాత్రికులు గ్రహానికొకరు చొప్పున కూర్చుని ఉంటారు. ఒకరిది బ్యాంజో, ఒకరిది వేణువు, ఒకరిది డప్పు, ఒకరిది మౌతార్గన్, ఒకరిది ఈల. మన దగ్గరున్న పరికరాన్ని ఏ గ్రహం వైపు తిప్పితే ఆ వాయిద్యం వినిపిస్తుంది. బాగా దూరం వెళ్లి, అన్ని గ్రహాలూ ఒక వరసలో కనిపించేచోట నిలబడి వింటే, అందరూ వాయిస్తున్నది ఒకే పాట అని తెలుస్తుంది. సూర్యుడు పేలబోయే ముందు వేరే రాగం ఒకటి మొదలవుతుంది. అది వినిపిస్తే చేస్తున్న పని ఆపేసి పైకి చూడటం నాకు అలవాటైపోయింది.

లోపాలూ ఉన్నాయి. మొదటి రెండు మూడు గంటలు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. నేను చెప్పగా కొన్నవాళ్లలో కొందరు అక్కడే విసుగొచ్చి వదిలేశారు. నౌక నడపడానికి చేయి తిరగాలి. వేగం పెంచి వదిలేస్తే అదే వేగంతో పోతూనే ఉంటుంది కాబట్టి సగం దారిలోనే వెనక్కి తోయడం మొదలెట్టాలి. ఆటోపైలట్ ఉంది, కానీ తిన్నగా పోవడమే దానికి తెలుసు. మధ్యలో సూర్యుడు అడ్డం ఉన్నాడా అని చూడదు. చివరి ఘట్టంలో మాత్రం ఒకే చుట్టులో చాలా పనులు వరసగా చేయాలి. ఒకటి తప్పితే మళ్లీ మొదటి నుంచి. అంతసేపూ ఎంతో ఓపిగ్గా నడిచిన గేమ్ అక్కడ ఆ కష్టం పెట్టకుండా ఉండాల్సింది.

ఓబ్రా డిన్ దీనికి పూర్తిగా వేరు. 2018లో వచ్చింది. లూకస్ పోప్ అనే ఒక్క మనిషి పని, ఆఖరికి సంగీతం కూడా ఆయనదే. 1807లో, మనుషులందరూ మాయమైన ఒక ఓడ ఇంగ్లండు తీరానికి కొట్టుకొస్తుంది. ఈస్టిండియా కంపెనీ తరఫున నష్టం లెక్క తేల్చడానికి మనం ఆ ఓడ ఎక్కుతాం. ఎక్కినవాళ్లు 60 మంది. ప్రతి ఒక్కరూ ఎవరు, ఏమయ్యారు, చనిపోతే ఎలా, ఎవరి చేతిలో అన్నది రాయాలి. చేతిలో ఒక జేబు గడియారం. ఎముకల దగ్గర దాన్ని తెరిస్తే ముందు చీకట్లో మాటలు వినిపిస్తాయి, తర్వాత ఆ మనిషి ప్రాణం పోయిన క్షణం బొమ్మలా ఆగిపోయి మన చుట్టూ కనిపిస్తుంది. అందులో నడిచి తిరుగుతూ వెతుక్కోవాలి.

తెర మీద రెండే రంగులు, ఒకటి చీకటి, ఒకటి వెలుతురు. పాత మాకింతోష్ కంప్యూటర్ తెరలా అంతా చుక్కలతోనే గీసినట్టు ఉంటుంది. దీన్ని మా చెల్లెలితో కలిసి ఆడాను. మౌస్ నాది, నోటుబుక్ తనది. పేర్ల జాబితాలో కొందరి పక్కన దేశం తప్ప మరో ఆనవాలు లేదు, మన దేశపు నావికులూ వాళ్లలో ఉన్నారు. యాస, బట్టలు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఇవన్నీ పట్టుకుని ఒక్కొక్కరినీ తేల్చాలి. ఒకరోజు ఇద్దరం గంటసేపు ఒక ముఖం దగ్గరే ఆగిపోయాం. తను ఉన్నట్టుండి తెరకి దగ్గరగా వంగి, "అన్నా, ఆ ఉయ్యాల పడకల మీద నంబర్లున్నాయి చూడు!" అంది. పడక నంబరుకీ జాబితాలోని వరస నంబరుకీ లంకె పెడితే ఒకేసారి ఎంతోమంది చిక్కుముడి విడిపోయింది. ఆ నంబర్లు మొదటి నుంచీ మా కళ్లముందే ఉన్నాయి.

ముగ్గురి వివరాలు సరిగ్గా రాస్తేగానీ గేమ్ ఒప్పుకోదు. ఊరికే ఊహించి నెట్టుకురాకుండా పెట్టిన ఈ ఒక్క నియమం వల్లే దీనికి ఇంత పట్టు వచ్చింది. ఆఖరి పది మందిలో కొందరిని మాత్రం తీసివేతల లెక్కలోనే తేల్చాల్సి వచ్చింది, అది కాస్త వెలితి. ఆ చుక్కల బొమ్మలు రాత్రిపూట ఎక్కువసేపు చూస్తే కళ్లు లాగుతాయి. ఇంకో మాట, గోదావరి ముఖాన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టడానికీ బాగుచేయడానికీ పేరున్న రేవు. అలాంటి తీరాల నుంచి కంపెనీ ఓడలెక్కి తిరిగిరాని వాళ్లు ఎందరో. ఆ జాబితాలోని మనవాళ్ల పేర్లు చదువుతుంటే నాకు మిగతావాటి మీద లేనంత శ్రద్ధ కలిగింది. వాళ్లని తేల్చేదాకా చెల్లెల్ని లేవనివ్వలేదు.

ఇక స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసి 2016లో విడుదల చేశాడు. 2024లో వచ్చిన 1.6 అప్‌డేట్ వరకూ కొత్త పంటలూ కొత్త చోట్లూ డబ్బు తీసుకోకుండానే కలుపుతూ వచ్చాడు. ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి. తాత ఇచ్చిన పొలం, 28 రోజుల చొప్పున నాలుగు రుతువులు. విత్తు, నీళ్లు పోయ్, కోసి అమ్ము. కాకులు రాకుండా దిష్టిబొమ్మ కూడా పెట్టుకోవాలి. ఆఫీసు నుంచి వచ్చి పావుగంట కూర్చుంటే ఒక రోజు గడుస్తుంది, తల తేలికవుతుంది.

మాది మదనపల్లె వైపు, టమాటా పండించే ఇల్లు. ఒకసారి అమ్మ నా వెనక నిలబడి చూసింది. ఎండాకాలంలో వేసిన టమాటా పదకొండు రోజులకి కాపుకొచ్చి, ఆ తర్వాత నాలుగు రోజులకోసారి కాస్తూ ఉంది. కోసి పెట్టెలో వేస్తున్నాను. "రోజూ ఇదే రేటా నాయనా?" అని అడిగింది. అవునమ్మా, ఒక్కోటి 60, ఎంత పంట వచ్చినా తగ్గదు అన్నాను. ఆమె ఏమీ అనకుండా ఇంకాసేపు చూసి, "మంచి ఊరే" అంది. టమాటా లోడు మార్కెట్‌కి చేరేలోపే రేటు పడిపోతే కిరాయి కూడా రాక రోడ్డు పక్కన పారబోసి వచ్చిన ఇంట్లో ఆ మాటకి ఎంత బరువుందో నాకు తెలుసు. ఈ గేమ్ ఇచ్చే హాయి అంతా అక్కడే ఉంది. కష్టపడితే ఫలితం కచ్చితం. కరువు లేదు, దళారి లేడు, అప్పు లేదు.

ఎక్కువ కాలం ఆడితే తేలేది కూడా అదే. మొదటి రెండేళ్లు, అంటే ఆటలోని ఏళ్లు, ఎంతో బాగుంటాయి. స్ప్రింక్లర్లు అమరి, గ్రీన్‌హౌస్ నిండా ఖరీదైన పండ్లు వేసి, పీపాల్లో వైన్ పెట్టడం మొదలెట్టాక డబ్బు దానంతటదే వచ్చి పడుతుంది. ఊరివాళ్లు చెప్పిన మాటే చెబుతారు. అప్పుడు మిగిలేది అలవాటు. నాకు ఆ అలవాటు ఇష్టమే, ఇప్పటికీ చెల్లెలితో కలిసి ఒక పొలం నడుస్తోంది. గంటల లెక్క చూస్తే మిగతా అన్ని గేమ్‌లూ కలిపినా దీని దరిదాపుల్లోకి రావు. కానీ ఏం జరిగిందో చెప్పమంటే చెప్పడానికి నాలుగు సంఘటనలు దొరకవు. ఔటర్ వైల్డ్స్‌లో గడిపిన ప్రతి సాయంత్రం గురించీ ఒక కథ చెప్పగలను.

2025 సెప్టెంబరులో వచ్చిన హాలో నైట్ సిల్క్‌సాంగ్ కూడా ఆడుతున్నాను. ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ పని. బొమ్మలు, సంగీతం, ఒంట్లో ఎముకలే లేనట్టు కదిలే ఆ నాయిక కదలికలు, దేనికీ వంక పెట్టలేం. కానీ చాలా దెబ్బలకి రెండేసి ప్రాణాలు పోతాయి. ఓడిన ప్రతిసారీ ఆట సేవ్ అయ్యే బెంచీ దగ్గర్నుంచి మళ్లీ పరుగెత్తాలి. మొదటి హాలో నైట్ ఆడనివాళ్లు దీనితో మొదలుపెట్టకండి.

ఆడాలనుకునే వాళ్లకి కొన్ని మాటలు. వీటిలో దేనికీ తెలుగు లేదు. ఔటర్ వైల్డ్స్‌లో, ఓబ్రా డిన్‌లో ఇంగ్లిష్ చాలా చదవాలి కాబట్టి పక్కన ఇంకొకరు ఉంటే మంచిది, ఆనందమూ రెట్టింపు. ఓబ్రా డిన్, స్టార్‌డ్యూ మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నడిచిపోతాయి. ఔటర్ వైల్డ్స్‌కి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, కీబోర్డు కంటే కంట్రోలర్ చాలా నయం. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో తగ్గింపు ధరలు తరచూ పెడతారు, పూర్తి ధర పెట్టాల్సిన పని లేదు. ముఖ్యంగా, ఔటర్ వైల్డ్స్, ఓబ్రా డిన్ వీడియోలు చూడకండి, ఎక్కడైనా ఇరుక్కుంటే రెండు రోజులు వదిలేసి మళ్లీ రండి. ఔటర్ వైల్డ్స్‌కి 2021లో ఎకోస్ ఆఫ్ ది ఐ అనే అదనపు భాగం వచ్చింది. అసలు కథ పూర్తయ్యాకే అది మొదలుపెట్టండి. అందులో చీకటి ఎక్కువ, భయమూ ఎక్కువ. సెట్టింగ్స్‌లో భయం తగ్గించే ఆప్షన్ ఒకటి పెట్టారు, మొహమాటపడకుండా ఆన్ చేసుకోండి. నేనూ అలాగే పూర్తిచేశాను.