జడకు కూడా చోటున్న హెల్మెట్

విజయవాడ ఎండలో హెల్మెట్ అంటే నాకు నరకమే. బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు కనిపిస్తే డిక్కీలోంచి తీసి పెట్టుకోవడం, దాటగానే మళ్లీ లోపల పడేయడం. చలానాకు భయపడి రోడ్డు పక్కన కొన్న చిప్ప అది, ఐఎస్ఐ ముద్ర కూడా లేదు. జడేమో ముడి వేస్తే తల పట్టదు, వదిలేస్తే చిక్కులు.

మొన్న గవర్నర్‌పేటలో ఒక చిన్న షాపుకి వెళ్లాను. యజమాని ముందు టేపుతో నుదురు చుట్టూ కొలిచాడు. 56 సెంటీమీటర్లు. "జడ కిందికి వేసుకుని పెట్టుకోండమ్మా, తల అటూ ఇటూ ఊపండి, కదలకూడదు" అన్నాడు. ఇన్నేళ్లలో ఎవరూ అలా చెప్పలేదు! హెల్మెట్ల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్ 4151 ముద్ర, దాని కిందున్న లైసెన్స్ నంబరు చూపించి, ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోమన్నాడు. చూశాను, సరిపోయింది. 1,450 రూపాయలు. బేరం లేదు.

లోపలి మెత్త ఊడదీసి ఉతుక్కోవచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గడ్డం కింద బకిల్ క్లిక్‌మని పడుతుంది. వానలో మాత్రం అద్దం మసకబారుతోంది, కొంచెం పైకెత్తి నడపాల్సి వస్తోంది. పిల్లల సైజులు అసలు లేవు. మా వాడు వెనక కూర్చుంటాడు, వాడికోసం ఇంకో షాపు వెతుకుతున్నాను.

5కి 4 ఇస్తాను.